విడువని జ్వరము – హృదయ కవాటములు

మా వార్షిక సంచికయందు ప్రతి సంవత్సరమును విద్యార్థుల కథలును, గేయములును, క్రీడల ఫలితములును ప్రకటింపబడుచుండుట పోషక మహాశయులెల్లరకు తెలిసిన విషయమే. ఈ పర్యాయము కొన్ని పుటలను ఇంటిపెద్దల ఆరోగ్యమునకై కేటాయింపవలెనని మేము తలంచితిమి. పిల్లల చదువు పుస్తకములపై మాత్రమే ఆధారపడియుండదు. ఇంట తల్లియో తండ్రియో నెలల తరబడి మంచము పట్టినచో మొట్టమొదట ఆగిపోవునది పిల్లల చదువే. కావున పెద్దల ఆరోగ్యమును గూర్చి వ్రాయుటయు పాఠశాల పనియే యని మా నమ్మకము.

"జ్వరము వచ్చినది, అంగడిలో మాత్రలు తెప్పించి మ్రింగితిని, తగ్గినది, పది దినములకు మరల వచ్చినది" అను మాట చిక్కబళ్ళాపురమునను, బాగేపల్లిలోను, చింతామణిలోను ఏ యింటనైనను వినబడునదే. అట్టి జ్వరములలో పెక్కు ప్రమాదము లేనివి. అవి వచ్చి పోవును. కాని ఎన్నడో ఒకప్పుడు అట్టి జ్వరమునకు మూలము హృదయమునందుండును. హృదయపు లోపలి పొరకు, విశేషించి కవాటములకు, సూక్ష్మజీవులు సోకుటవలన కలుగు ఆ వ్యాధిని వైద్యులు ఇన్‌ఫెక్టివ్ ఎండోకార్డైటిస్ అందురు. ప్రపంచమున ఏటా లక్ష జనములో 3 మొదలు 10 మంది వరకు దీని పాలగుచున్నారని అంచనా. 2011వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము మన చిక్కబళ్ళాపురము జిల్లా జనసంఖ్య సుమారు 12 లక్షల 55 వేలు. ప్రపంచపు లెక్క యిచటను చెల్లునని యెంచినచో, ఈ యొక్క జిల్లాలోనే ఏటా 38 మొదలు 125 కుటుంబముల వరకు ఈ వ్యాధి తాకుననుకొనవచ్చును. వ్యాధి అరుదైనదే, కాని మన వాకిటికి రానిది కాదు. చికిత్స జరిగినను ఆసుపత్రిలోనే ఇంచుమించు ఐదుగురిలో ఒకరిని బలిగొనునది గనుక దీనిని గూర్చి నాలుగు సంగతులు తెలిసియుండుట మేలు.

కవాటములనగా నేమి?

మన హృదయము పిడికిలి యంత పరిమాణము గలది. అందు నాలుగు గదులును, నాలుగు కవాటములును గలవు. కవాటమనగా తలుపు. రక్తము ముందునకు పోవునప్పుడు ఈ తలుపు తెరచుకొనును. వెనుకకు మరలబోవునప్పుడు మూసికొనును. నిమిషమునకు 70 మారులు హృదయము కొట్టుకొనునని లెక్కించినచో, దినమునకు లక్ష మారులు ఒక్కొక్క కవాటము తెరచి మూయుచుండవలెను. దీనిని త్రిప్పువాడు ఎవడును లేడు. ప్రవాహపు ఒత్తిడియే దానిని తెరచును, ఒత్తిడియే దానిని మూయును.

ఈ సంగతి మన ప్రాంతపు వారికి బోధపడుట సులభము. మన తాలూకాలోని ముద్దేనహళ్ళి గ్రామమున ఒక తెలుగు కుటుంబమున జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పూణే సమీపమున ఖడక్‌వాస్లా జలాశయమునకు తమంతట తాము తెరచి మూసికొను తలుపులను రూపొందింపగా, 1903లో వానిని అమర్చిరి. నీరు మట్టము మించినప్పుడు ఆ తలుపులు తెరచుకొనును, తగ్గినప్పుడు మూసికొనును. హృదయ కవాటములును అట్టివే. అవి ఇనుముతో చేసినవి కావు, కాగితము వలె పలుచని రేకులు. ఆ రేకులకు చిల్లి పడినను, గరుకు పట్టినను, దళసరియై బిగిసికొనినను రక్తము సాఫీగా సాగదు.

వ్యాధి కలుగు విధము

ఆరోగ్యవంతమైన కవాటపు రేకు నున్నగా నుండును. దానిపై సూక్ష్మజీవులు సులభముగా నిలువజాలవు. ఏదేని కారణముచేత రేకు చెడినచో రక్తము సన్నని ధారగా వేగముతో దూకి, ఆ తాకిడికి లోపలి పొర ఒరిసికొనిపోవును. అట్టి గరుకు చోట రక్తమునందలి గడ్డకట్టు కణములు పేరుకొనును. ఇది వ్యాధికి సిద్ధమైన నేల.

ఇక విత్తనము ఎచ్చటినుండి వచ్చును? మన నోటియందును, చర్మముపైనను, ప్రేవులయందును కోట్లకొలది సూక్ష్మజీవులు నిత్యము నివసించుచునే యున్నవి. చిగురు చెడినప్పుడును, పుండు చీము పట్టినప్పుడును, మూత్రమార్గమున దోషము కలిగినప్పుడును వానిలో కొన్ని రక్తమున ప్రవేశించును. సామాన్యముగా శరీరము వానిని కొలది నిమిషములలోనే నిర్మూలించును. కాని గరుకుబారిన కవాటము ఎదురైనచో అవి అచ్చటనే తిష్ఠ వేయును. వానిపై మరల గడ్డకట్టు పదార్థము పొరలు పొరలుగా కప్పుకొనును. శరీరమును రక్షించు తెల్లకణములు ఆ పొరల లోపలికి చొరజాలవు. కవాటపు రేకునకు స్వంత రక్తనాళములు ఇంచుమించు లేనేలేవు గనుక, రక్షణకు వచ్చు మార్గమును లేదు. ఈ విధముగా రేకు అంచున సూక్ష్మజీవులతో నిండిన చిన్న గుత్తులు పెరుగును.

ఈ గుత్తులు రెండు విధముల అపకారము చేయును. మొదటిది, కవాటమునే తిని చిల్లి పొడుచును; అప్పుడు రక్తము వెనుకకు కారి, హృదయము అలసి, ఆయాసము కలుగును. రెండవది, గుత్తినుండి ముక్కలు తెగి రక్తముతో కొట్టుకొనిపోయి మెదడునకు చేరినచో పక్షవాతమును, మూత్రపిండములకును ప్లీహమునకును చేరినచో ఆయా అవయవములకు హానియు కలిగించును. హృదయపు కుడి భాగమున వ్యాధి కలిగినచో ముక్కలు ఊపిరితిత్తులకు పోవును. అందుచేతనే ఈ వ్యాధి ఒక్కొక్క రోగియందు ఒక్కొక్క వేషమున కనబడుచు అనుభవజ్ఞులను సైతము భ్రమింపజేయును.

దీని నడక రెండు విధములు. చర్మముపై నుండు స్టాఫిలోకాకస్ ఆరియస్ అను క్రిమి సోకినచో వ్యాధి దినములలోనే తీవ్రరూపము దాల్చును. అది బాగున్న కవాటమును గూడ పట్టగలదు. నోటియందుండు స్ట్రెప్టోకాకస్ జాతి క్రిములు సోకినచో వ్యాధి వారములు, నెలలు మెల్లమెల్లగా ప్రాకును. మన యిండ్లలో "విడువని జ్వరము" అని సరిపెట్టుకొనునది ఈ రెండవ తెగలోనిది కావచ్చును.

పూర్వపు స్థితియు నేటి స్థితియు

1885లో లండన్ నగరపు రాయల్ కాలేజి ఆఫ్ ఫిజీషియన్స్ యందు విలియం ఆస్లర్ అను వైద్య పండితుడు ఈ వ్యాధిని గూర్చి ఉపన్యసించి దాని లక్షణములను లోకమునకు వివరించెను. కాని గుర్తించుటయే గాని కుదుర్చుట ఆనాడు ఎవరికిని సాధ్యము కాలేదు. ప్రఖ్యాత సంగీతకర్త గుస్టావ్ మాలర్‌కు ముందే కవాట దోషముండెను. 1911లో న్యూయార్క్ నగరమున ఆయన రక్తమును పరీక్షించి స్ట్రెప్టోకాకస్ క్రిములను కనుగొనిరి. రోగము తెలిసెను, మందు లేదు. ఆ మే నెలలోనే ఆయన వియన్నాలో కన్నుమూసెను. అప్పుడాయన వయస్సు 50 ఏండ్లు.

1928లో ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొనెను. ఫ్లోరీ, చెయిన్ అను శాస్త్రజ్ఞులు దానిని మందుగా తీర్చిదిద్దిరి. 1944లో బ్రూక్లిన్‌కు చెందిన లియో లోవ్ అను వైద్యుడును ఆయన సహచరులును పెన్సిలిన్ చికిత్సచే ఈ వ్యాధినుండి కోలుకొనిన ఏడుగురు రోగుల వృత్తాంతమును ప్రకటించిరి. మరణము తప్పదనుకొనిన వ్యాధి ఆ నాటినుండి కుదురు వ్యాధియయ్యెను. 1950వ దశకమున పూణే సమీపమున పింప్రీలోని హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ కర్మాగారము మన దేశముననే పెన్సిలిన్‌ను తయారుచేయ నారంభించెను.

ఈ ఔషధ చరిత్రలో తెలుగువారి పాత్రయు గలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనలకు నాయకత్వము వహించియుండగా, అచ్చట బెంజమిన్ డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్‌ను కనుగొనెను. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అదియే మొదటిది. ఆ మందు లోకమునకు వెల్లడియైన 1948లోనే సుబ్బారావుగారు పరమపదించిరి. ఆ జాతి మందు మన సీమకు ఎట్లు సంబంధించునో క్రింద చెప్పుదుము.

ఎవరికి ప్రమాదము హెచ్చు?

అందరికిని ఈ భయము సమానము కాదు. ఒక మారు ఈ వ్యాధి వచ్చి కుదిరినవారును, కృత్రిమ కవాటము అమర్చుకొనినవారును, పుట్టుకతోనే హృదయ దోషముండి శరీరము నీలిరంగు తిరుగు రోగులును అగ్రశ్రేణి ప్రమాదము గలవారు. తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ రూపొందించిన కవాటమును 1990లో మొట్టమొదట ఒక రోగికి అమర్చిరి. నాటినుండి మన దేశమున తయారైన కవాటమును తక్కువ వెలకు పొంది బ్రతికినవారు ఎందరో గలరు. అట్టివారు కవాటము మార్చుటతో రోగము తీరినదని యెంచరాదు. జీవితాంతము జాగరూకులై యుండవలెను.

రెండవ శ్రేణిలో రుమాటిక్ జ్వరముచే, అనగా కీళ్లవాతపు జ్వరముచే, కవాటములు చెడినవారును, పుట్టుకతో మూడు రేకులకు బదులు రెండు రేకులే గల బృహద్ధమని కవాటము గలవారును, వయస్సుచే కవాటములు గట్టిపడిన వృద్ధులును, పేస్‌మేకరు అమర్చుకొనినవారును గలరు. వీరితోపాటు డయాలిసిస్ చేయించుకొనువారు, చాలకాలము రక్తనాళమున గొట్టము పెట్టించుకొనినవారు, మధుమేహ రోగులు, అశుద్ధమైన సూదులతో మత్తుమందులు ఎక్కించుకొనువారు, పండ్లు చిగుళ్లు చెడినవారు ప్రమాదమునకు చేరువైనవారే. స్త్రీలకంటె పురుషులకు ఈ వ్యాధి ఇంచుమించు రెండింతలుగా వచ్చుచున్నది.

ధనిక దేశములలో నేడీ వ్యాధి ప్రధానముగా 60 ఏండ్లు దాటినవారిది. మన దేశమున రోగులు వారికంటె చిన్నవారు. బిడ్డలను బడికి పంపు వయస్సున నున్నవారు. రుమాటిక్ హృద్రోగము మననింకను విడువకుండుట దీనికొక ముఖ్య కారణము.

మన సీమకు చెందిన నాలుగు సంగతులు

మొదటిది, మరచిపోయిన గొంతునొప్పి. 5 మొదలు 15 ఏండ్ల ప్రాయమున స్ట్రెప్టోకాకస్ క్రిమిచే గొంతునొప్పి వచ్చి, రెండు మూడు వారములకు కీళ్లు వాచి, జ్వరము వచ్చుట రుమాటిక్ జ్వరపు సామాన్య లక్షణము. కీళ్ల నొప్పి పూర్తిగా తగ్గును, కాని కవాటములకు కలిగిన మచ్చ మిగులును. పెద్దలు ఆ సంగతి మరతురు. ఆ బాలిక పెరిగి పెద్దదై, గర్భవతియై ఆయాసపడునప్పుడు గాని కవాట దోషము బయటపడకపోవచ్చును. కావున తల్లులారా, మీ చిన్ననాట కీళ్లు వాచి నెలలు మంచమున నుంటిరా యని మీ తల్లిని, పెద్దమ్మను అడిగి తెలిసికొనుడు. ఔనని చెప్పినచో ఒకమారు హృదయ పరీక్ష చేయించుకొనుట యుక్తము.

రెండవది, పచ్చిపాలు. పాడి మన రైతు కుటుంబములకు ప్రాణాధారము. పశువులకును, మేకలకును, గొఱ్ఱెలకును బ్రూసెల్లా అను క్రిమివలన గర్భస్రావములు కలుగును. కాచని పాలు త్రాగుటవలనను, ఈడ్చుకొనిపోయిన దూడను, మావిని వట్టి చేతులతో ఎత్తుటవలనను ఆ క్రిమి మనుష్యులకు సోకును. అది వచ్చి పోవు జ్వరమును, చెమటలను, నడుము నొప్పిని కలిగించును. నూరుమందిలో ఒకరిద్దరికి మించి కవాటములను పట్టదు. కాని ఆ రోగమున మరణములకు ముఖ్య కారణము కవాటమును పట్టుటయే. దీని చికిత్సయందు వాడు మందులలో డాక్సీసైక్లిన్ ఒకటి. అది సుబ్బారావుగారి ప్రయోగశాలలో పుట్టిన ఆరియోమైసిన్ జాతికి చెందినదే. పాలు పొంగు వచ్చువరకు కాచుట కాని ఖర్చు లేని రక్షణము. పశువుల యింట జ్వరము వచ్చినవారు తమకు పశువులున్న సంగతి వైద్యునకు తప్పక చెప్పవలెను.

మూడవది, పండ్లు. బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో పెక్కు బోరుబావుల నీటియందు ఫ్లోరైడు హెచ్చు. అందుచే పిల్లల పండ్లపై గోధుమరంగు మచ్చలు పడుటయు, దానిని మాన్పవలెనని ఇటుకపొడితోను బొగ్గుతోను రుద్దుటయు చూచుచున్నాము. ఆ మచ్చ రుద్దిన పోదు. రుద్దుటవలన చిగుళ్లు చెడును. హృదయమునకు శత్రువు ఆ మచ్చ కాదు; రక్తము కారు చిగురును, చీము పట్టిన పన్నును. వక్కాకుతో పొగాకు నమలు అలవాటును చిగుళ్లను చెరచునదే.

నాలుగవది, సూదియు సీసాయు. నీరసము కలిగినంతనే "గ్లూకోసు ఎక్కింపుడు" అని కోరు అలవాటు మన గ్రామములలో ప్రబలియున్నది. నోటితో త్రాగగలవానికి అది చాలవరకు అనవసరము. రక్తనాళమునకు గ్రుచ్చు ప్రతి సూదియు చర్మముపై క్రిములకు ఒక ద్వారమే. శుభ్రత లేని చోట సూది వేయించుకొనుటవలన కలుగు లాభము స్వల్పము, నష్టము అపారము.

గుర్తింపు చిహ్నములు

పదిమంది రోగులలో ఇంచుమించు తొమ్మండుగురకు జ్వరముండును. దానికి తోడు రాత్రి చెమటలు, ఆకలి లేకుండుట, బరువు తగ్గుట, కీళ్ల నొప్పులు, లేత పసుపు తిరిగిన ముఖము కానవచ్చును. గోళ్ల క్రింద సన్నని పుల్లలు గ్రుచ్చికొనినట్లు ఎఱ్ఱని గీతలు, వ్రేళ్ల కొనలయందు నొప్పి గల చిన్న గడ్డలు, అరచేతులయందు నొప్పి లేని మచ్చలు కొందరియందే కనబడును. అవి లేకున్నంత మాత్రమున వ్యాధి లేదనరాదు. మూత్రమున రక్తము, అకస్మాత్తుగా మాట తడబడుట, ఒక ప్రక్క చేయి కాలు చచ్చుబడుట, పడుకొన్నప్పుడు ఊపిరాడకుండుట అపాయ సూచనలు. ఇట్టివి కలిగినచో తెల్లవారువరకు వేచియుండక ఆ క్షణముననే ఆసుపత్రికి పోవలెను.

పరీక్షలును చికిత్సయు

ఇచ్చట పాఠకులు మిక్కిలి గమనింపదగిన విషయమొకటి గలదు. ఈ వ్యాధిని పట్టి యిచ్చు ముఖ్య పరీక్ష రక్తమునందలి క్రిములను పెంచి చూచుట. దానిని బ్లడ్ కల్చర్ అందురు. వేరు వేరు చోట్లనుండి కనీసము మూడు మారులు రక్తము తీసి పరీక్షింతురు. యాంటీబయాటిక్ మందు వేయుటకు ముందే ఈ రక్తము తీయవలెను. రోగి అంగడిలో కొన్న మాత్రలను ముందే మ్రింగియున్నచో క్రిములు పూర్తిగా చావక, పెరుగకయు నుండి, పరీక్షకు చిక్కవు. జ్వరము నాలుగు దినములు తగ్గినట్లుండును. కవాటముపై గుత్తి మాత్రము పెరుగుచునే యుండును. క్రిమి యేదో తెలియక వైద్యుడు చీకటిలో తడవులాడవలసి వచ్చును. మన దేశమున ఈ పరీక్షలో క్రిమి కనబడని రోగులు హెచ్చుగా నుండుటకు ముందే మ్రింగిన మాత్రలు ఒక ప్రధాన కారణము. అంగడిలో కొనిన మాత్రలు రోగమును దాచిపెట్టు తెర వంటివి. తెలియక ముందే మ్రింగియున్నచో ఆ మాత్రల పట్టీని దాచక వైద్యునకు చూపుడు. రోగి ప్రమాద స్థితియందున్నప్పుడు మాత్రము వైద్యులు రక్తము తీసిన వెంటనే, ఫలితమునకై వేచియుండక, మందు ప్రారంభింతురు.

రెండవ పరీక్ష ఎకో. శబ్ద తరంగములతో కవాటములను చూచు ఈ పరీక్ష నొప్పి లేనిది. ఎదపైనుండి చూచినప్పుడు స్పష్టత చాలనిచో, అన్నవాహికలోనికి చిన్న గొట్టము పంపి వెనుకనుండి చూతురు.

చికిత్స సుదీర్ఘమైనది. సామాన్యముగా 4 మొదలు 6 వారములు యాంటీబయాటిక్ మందును రక్తనాళము ద్వారా ఇయ్యవలెను. గుత్తి లోపల నిద్రించుచున్న క్రిములను సైతము చంపవలెను గనుక ఇంత కాలము పట్టును. పది దినములకు జ్వరము తగ్గినదని యింటికి వచ్చివేయుట ప్రాణమునకే ముప్పు. ఇంచుమించు సగము మందికి శస్త్రచికిత్సయు అవసరమగును. బెంగుళూరునందలి శ్రీ జయదేవ హృద్రోగ సంస్థ ప్రభుత్వమునకు చెందిన స్వయంప్రతిపత్తి సంస్థ. మన బాగేపల్లికి చేరువనున్న పుట్టపర్తిలో 1991లో స్థాపింపబడిన ఆసుపత్రియందు హృదయ శస్త్రచికిత్సలు ఉచితముగా చేయుచున్నారు. కావున ధనము లేదని ఆలస్యము చేయుట తగదు.

నివారణమును గూర్చి రెండు భ్రమలు

మొదటి భ్రమ: పండ్ల వైద్యునియొద్దకు పోవుటకు ముందు మందు వేసికొనుటయే పెద్ద రక్షణమనుట. పూర్వము కవాట దోషము గల అందరికిని పన్ను తీయుటకు ముందు యాంటీబయాటిక్ ఇచ్చుచుండిరి. 2007లో అమెరికా హృద్రోగ సంఘము ఈ పద్ధతిని మార్చి, పైన చెప్పిన అగ్రశ్రేణి ప్రమాదము గలవారికి మాత్రమే దానిని పరిమితము చేసెను. దానికి కారణము తెలిసికొనదగినది. చెడిన చిగుళ్లు గలవాడు దినదినము నమలునప్పుడును, పండ్లు తోముకొనునప్పుడును క్రిములు రక్తమున ప్రవేశించుచునే యుండును. ఏడాదికొకమారు పన్ను తీయునప్పుడు వేసికొను మాత్రకంటె, నిత్యము నోటిని శుభ్రముగా నుంచుకొనుటయే మిన్న. ఉదయమును, రాత్రి పడుకొనుటకు ముందును మెత్తని బ్రష్షుతోనో, బాగుగా నమిలిన వేపపుల్లతోనో తోముకొని, కవాట దోషము గలవారు ఆరు నెలలకొకమారు పండ్ల వైద్యునకు చూపుకొనుట మంచిది. పన్ను తీయించుకొనుటకు భయపడి, చీము పట్టిన దానినే నోటనుంచుకొనుట మాత్రము కూడదు. తమకు ముందుగా మందు వలయునా యని హృదయ వైద్యుని అడిగి తెలిసికొనవలెను.

రెండవ భ్రమ: మూడు వారములకొకమారు వేయించుకొను పెన్సిలిన్ సూదిమందు ఈ వ్యాధిని గూడ ఆపుననుట. ఆ సూదిమందు రుమాటిక్ జ్వరము మరల రాకుండ కాపాడును. దానిని ఎన్నటికిని వైద్యుని ఆజ్ఞ లేక మానరాదు. కాని అది కవాటములకు క్రిములు సోకకుండ చేయు కవచము కాదు. సూదిమందు తప్పక వేయించుకొనుచున్నవారికిని జ్వరము విడువకున్నచో పరీక్ష అవసరమే.

ఇంటింట ఒక చీటీ

చివరగా మేము కోరునది ఒక్కటి. మనవారు ఇంట తెలుగు మాటలాడుదురు, కచేరీలో కన్నడము, బెంగుళూరు ఆసుపత్రిలో చీటీలు ఇంగ్లీషున నుండును. పెద్దలు తమ రోగ చరిత్రను మూడు భాషల నడుమ జారవిడుచుకొనుచున్నారు. "చిన్నప్పుడు గుండెకేదో అన్నారు" అనుమాటతో వైద్యునకేమియు తెలియదు. మీ యింటి బిడ్డకు ఆ మూడు భాషలును చదువను వ్రాయను వచ్చును. ఆ బిడ్డను కూర్చుండబెట్టుకొని ఒక చీటీ వ్రాయింపుడు. కవాట దోషమున్నదా, ఏ కవాటము, కృత్రిమ కవాటము ఎన్నడు అమర్చిరి, ఏ మందులు వాడుచున్నారు, ఏ మందు పడదు, ఇంట పశువులున్నవా యను సంగతులను మూడు భాషలలోను అందు వ్రాయవలెను. దానిని ఎకో కాగితములతోపాటు ఒక సంచిలో నుంచి, ఏ వైద్యునియొద్దకు పోయినను, పండ్ల వైద్యునియొద్దకు పోయినను వెంట తీసికొనిపోవుడు. వారము దినములు కారణము తెలియని జ్వరమున్నచో ఆ చీటీ చూపి, "మందు వేయుటకు ముందు రక్తము కల్చరుకు పంపవలెనా?" అని అడుగుడు. ఆ యొక్క ప్రశ్నయే ఒక ప్రాణమును నిలుపవచ్చును.

బిడ్డ నేర్చిన అక్షరము బహుమతి పత్రములపై మాత్రమే శోభిల్లునది కాదు. తల్లి జబ్బును వైద్యునకు తెలియజెప్పుటకును అది పనికివచ్చినప్పుడు ఆ చదువు సార్థకము. పోషక మహాశయులెల్లరు తమ తమ యిండ్లలో ఈ చిన్న పనిని నెరవేర్చి, నిరామయులై, వచ్చు వార్షికోత్సవమునకు బిడ్డలతో గూడ సంతోషముగా విచ్చేయుదురు గాక యని కోరుచున్నాము.